కనుబొమ మీద నెలవంక: వేట రైఫిల్‌కు స్కోప్ ఎంపిక, అమరిక

పాత వేటగాళ్లలో కొందరి కనుబొమ మీద చిన్న నెలవంక మచ్చ కనిపిస్తుంది. అది కత్తి గాటు కాదు, కొమ్మ గీరుకున్న గుర్తూ కాదు. రైఫిల్ పేలి వెనక్కి తన్నినప్పుడు దాని మీది స్కోప్ (గురిని పెద్దగా చూపే దుర్భిణి) అంచు గుచ్చుకున్న చోటు. గాయం చిన్నదే, రెండు మూడు కుట్లతో మానిపోతుంది. అసలు నష్టం ఆ తరువాత మొదలవుతుంది. ఒకసారి ఆ దెబ్బ తిన్నవాడు మళ్లీ రైఫిల్ ఎత్తినప్పుడు ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూస్తాడు, మెడ బిగిస్తాడు, తల వెనక్కి లాక్కుంటాడు. ఇక గురి తప్పడానికి వేరే కారణం వెతకక్కర్లేదు.

స్కోప్ కొనేవారు మొదట అడిగేది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందని. తరువాత ముందు కటకం వెడల్పు, ఆ తరువాత ధర. కంటికీ స్కోప్‌కూ మధ్య ఉండవలసిన దూరం, అంటే ఐ రిలీఫ్, పెట్టె మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. చూసినవారు కూడా ‘ఎక్కువ ఉంటే మంచిదే కదా’ అని వదిలేస్తారు. నిజానికి ఆ అంకె చెప్పేది సగమే. మిగతా సగం రైఫిల్ స్టాక్ (భుజానికీ చెంపకూ ఆనే వెనుక భాగం) పొడవులో, చెంప ఆనే చోటి ఎత్తులో, ఒంటి మీది కోటు మందంలో, మనిషి మెడ పొడవులో ఉంటుంది. ఒకే రైఫిల్, ఒకే స్కోప్ అన్నకు హాయిగానూ తమ్ముడికి చీకటిగానూ ఉండటం అందుకే. అందుచేత స్కోప్ ఎంపికను, దాని అమరికను వేర్వేరు పనులుగా చూడటం పొరపాటు. తల ఎక్కడ సుఖంగా ఆనుతుందో ముందు తేలాలి, స్కోప్ అక్కడికి రావాలి. స్కోప్ ఎక్కడుందో చూసుకొని తల దాని వెంట పరుగెత్తకూడదు.

కాగితం మీద వెలుగు బిళ్ళ

ఐ రిలీఫ్ అంటే ఏమిటో నిర్వచనాలతో చెప్పడం కన్నా ఒక తెల్ల కాగితంతో చూపించడం తేలిక. స్కోప్‌ను రైఫిల్‌కు బిగించకముందే బల్ల మీద పెట్టి, ముందు కటకాన్ని వెలుతురున్న ఆకాశం వైపు తిప్పాలి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకూడదు. ఇప్పుడు వెనుక కటకానికి కొంచెం ఎడంగా కాగితం పట్టుకుంటే దాని మీద గుండ్రని వెలుగు పడుతుంది. కాగితాన్ని మెల్లగా వెనక్కి జరుపుతుంటే ఆ వెలుగు చిన్నదవుతూ, ఒక చోట అంచులు స్పష్టంగా తేరి, నాణెంలా నిలుస్తుంది. ఇంకా జరిపితే మళ్లీ పెద్దదై మసకబారుతుంది. ఆ నాణెం నిలిచిన చోటి నుంచి కటకం వరకు స్కేలుతో కొలిస్తే వచ్చేదే ఐ రిలీఫ్. సాధారణ వేట స్కోపుల్లో అది 75 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఆ నాణేన్ని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. ముందు కటకం గుండా లోపలికి వచ్చిన వెలుతురంతా బయటికి పోయే కిటికీ అదే. మన కంటిపాప సరిగ్గా ఆ కిటికీ దగ్గరకు చేరితేనే చిత్రం నిండుగా కనిపిస్తుంది.

కిటికీ వెడల్పు లెక్క చాలా తేలిక: ముందు కటకం వ్యాసాన్ని రెట్లతో భాగించాలి. 3-9×40 (3 నుంచి 9 రెట్లు, 40 మిల్లీమీటర్ల ముందు కటకం) అని రాసి ఉన్న స్కోప్‌ను 4 రెట్ల దగ్గర పెడితే 10 మిల్లీమీటర్లు, 9 రెట్ల దగ్గర 4.4 మిల్లీమీటర్లు. పట్టపగలు మనిషి కంటిపాప 2 నుంచి 3 మిల్లీమీటర్లే ఉంటుంది. దాన్ని 2.5 అనుకుంటే, 4 రెట్ల దగ్గర కన్ను నడిమికి అటూ ఇటూ మూడున్నర మిల్లీమీటర్లకు పైగా జరిగినా వెలుతురు తగ్గదు. 9 రెట్ల దగ్గర ఆ వెసులుబాటు మిల్లీమీటరుకు కుదించుకుపోతుంది, మూడున్నర దాటితే అంతా చీకటే. ఇది పక్కలకు జరిగే సంగతి. ముందుకూ వెనక్కూ కూడా ఇంతే: రెట్లు పెరిగేకొద్దీ కన్ను నిలబడగల చోటు ఇరుకవుతుంది. ఆ చోటు మొత్తాన్ని, అంటే నిడివినీ వెడల్పునూ కలిపి, ఐ బాక్స్ అంటారు. తయారీదారులు ఐ రిలీఫ్‌ను అంకెలో చెబుతారు కానీ ఐ బాక్స్‌ను ఎవరూ అంకెలో చెప్పరు. రెండు స్కోపుల మీద ‘90 మిల్లీమీటర్లు’ అని ఒకే మాట రాసి ఉన్నా, ఒకటి తల ఎలా పెట్టినా పలుకుతుంది, ఇంకొకటి వెంట్రుకవాసి తేడాకే అలుగుతుంది. దుకాణంలో చేతికి తీసుకొని చూడటానికి ఇంతకంటే మంచి కారణం లేదు.

కన్ను తప్పు చోట ఉందని చెప్పేది నీడ. చిత్రం చుట్టూ అన్ని వైపులా సమానంగా నల్లటి వలయం ఉంటే దూరం కుదరలేదని అర్థం: కన్ను మరీ వెనక ఉంది, లేదా మరీ ముందుకు వచ్చింది. ఒక పక్కన మాత్రమే చిక్కుడు గింజ ఆకారంలో నీడ కమ్మితే కన్ను నడిమి నుంచి తప్పిందని. మొదటిది స్కోప్‌ను ముందుకో వెనక్కో జరిపితే పోతుంది. రెండోది జరిపితే పోదు. దానికి స్కోప్ ఎత్తో, చెంప ఆనికో మార్చాలి. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకొని గంటల తరబడి స్కోప్‌ను పట్టి ఉంచే రింగులు విప్పీ బిగించీ అలసిపోయేవారు చాలామంది.

నీడ లేనంత మాత్రాన అంతా సరిగా ఉన్నట్టు కూడా కాదు. మామూలు వేట స్కోపులను పారలాక్స్ (కన్ను జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపించడం) లేకుండా ఒక దూరానికి, చాలావరకు 100 గజాలకు, కర్మాగారంలోనే సరిచేసి పంపుతారు. ఆ దూరంలో ఉన్న గురి మీద కన్ను ఎటు జరిగినా క్రాస్‌హెయిర్, అంటే స్కోప్ లోపలి గురి గీత, జరగదు. 200 గజాల దగ్గర ఉన్న గురి మీద మాత్రం, 40 మిల్లీమీటర్ల ముందు కటకం గల స్కోప్‌లో కన్ను కిటికీ అంచు దాకా జరిగితే, గురి 20 మిల్లీమీటర్ల వరకు తప్పవచ్చు. వేటలో అది ప్రాణాంతకమైన తప్పేమీ కాదు. కానీ ప్రతిసారీ తల ఒకే చోట ఆనితే ఆ 20 మిల్లీమీటర్లు కూడా ఉండవు.

ఎక్కువ దూరం ఊరికే రాదు

ఐ రిలీఫ్ ఎంత ఎక్కువైతే అంత మేలనే మాటకు ఒక గట్టి అడ్డు ఉంది. వెనుక కటకం ఒక గుండ్రటి కిటికీ అనుకుంటే, దాని నుంచి కన్ను దూరం జరిగేకొద్దీ కిటికీలోంచి కనిపించే దృశ్యం ఇరుకవుతుంది. ఇల్లు ఉన్న ఎవరికైనా తెలిసిన సంగతే. వెనుక కటకంలో వెలుతురు సాగే భాగం 36 మిల్లీమీటర్లు, స్కోప్ 4 రెట్లు అనుకుందాం. ఐ రిలీఫ్ 75 మిల్లీమీటర్లయితే 100 మీటర్ల దూరంలో సుమారు 12 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. 90కి పెంచితే 10 మీటర్లు. 100 అయితే 9. చెట్ల మధ్య పరుగెత్తే పందిని వెతుక్కునేవాడికి ఆ మూడు మీటర్లు చిన్న విషయం కాదు. దృశ్యం ఇరుకు కాకుండా ఐ రిలీఫ్ పెరగాలంటే వెనుక కటకం పెద్దది కావాలి, దాంతో బరువూ పెరుగుతుంది, తూటా ఎక్కించే బోల్టు పిడికి అడ్డం తగిలే ప్రమాదమూ పెరుగుతుంది. పొడవైన ఐ రిలీఫ్, విశాలమైన దృశ్యం, చిన్న తేలికపాటి ఒళ్లు మూడూ ఒకే స్కోప్‌లో ఉన్నాయని ప్రకటన చెబితే ఆ మూడింటిలో ఏదో ఒకటి పలుచనై ఉంటుందనుకోవడం క్షేమం.

ఈ లెక్కను చివరికంటా సాగదీస్తే స్కౌట్ స్కోపుల సంగతి అర్థమవుతుంది. 1980లలో అమెరికన్ తుపాకీ నిపుణుడు జెఫ్ కూపర్ ప్రచారం చేసిన స్కౌట్ రైఫిల్ ఆలోచనలో స్కోప్‌ను కంటికి చాలా ముందు, బ్యారెల్ మీద బిగిస్తారు. అంతకుముందే, రెండో ప్రపంచ యుద్ధంలో, జర్మన్ సైన్యం కార్ 98కె రైఫిల్ మీద జెడ్ఎఫ్ 41 అనే ఒకటిన్నర రెట్ల స్కోప్‌ను అలాగే ముందుకు జరిపి వాడింది. ఐ రిలీఫ్ 250 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండే ఇలాంటి స్కోప్‌ను 4 రెట్లతో చేస్తే పై లెక్క ప్రకారం 100 మీటర్ల దగ్గర మూడున్నర మీటర్లే కనిపిస్తుంది. అందుకే వాటిలో చాలావరకు తక్కువ రెట్ల దగ్గరే ఆగుతాయి. కనుబొమకు ఏ భయమూ ఉండదు, రెండు కళ్లూ తెరిచి గురిపెట్టవచ్చు. అయితే వెనుక నుంచి సూర్యుడు తగిలితే వెనుక కటకం అద్దంలా మెరిసి చిత్రాన్ని మింగేస్తుంది. సంధ్యవేళ వేటకు ఈ పద్ధతి అంతగా నప్పదు.

మరి ఎంత ఉంటే చాలు? దానికి జవాబు తూటా తన్నును బట్టి ఉంటుంది. పాయింట్ 22 రిమ్‌ఫైర్ రైఫిల్‌కు తన్ను దాదాపు లేనట్టే కాబట్టి 75 మిల్లీమీటర్లు పుష్కలం. .30-06 తరగతి తూటా మామూలు బరువున్న వేట రైఫిల్‌లో సుమారు 27 జౌళ్ల శక్తితో వెనక్కి తన్నుతుంది. అక్కడ 90 కన్నా తక్కువకు ఒప్పుకోవడం తెలివి కాదు. .375 హాలండ్ అండ్ హాలండ్ లాంటి పెద్ద జంతువుల తూటా 50 జౌళ్లకు అటూ ఇటూ ఉంటుంది. దానికి 100, ఇంకా దొరికితే ఇంకా మంచిది. రైఫిల్ ఎంత తేలికైతే తన్ను అంత పెరుగుతుందని కూడా గుర్తుంచుకోవాలి. కొండలెక్కడానికి వీలుగా అరకిలో తగ్గించుకున్నవాడు ఆ తగ్గింపును భుజంతోనే కాక కనుబొమతో కూడా చెల్లించవలసి రావచ్చు.

పెట్టె మీది అంకెను అలాగే నమ్మడానికి కూడా లేదు. కొలత గాజు ఉపరితలం నుంచి మొదలవుతుంది. గాజును పట్టి ఉంచే లోహపు అంచు దానికన్నా కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి పొడుచుకొని ఉంటుంది, గుచ్చుకునేది ఆ అంచే. కనుబొమ ఎముక కూడా కనుగుడ్డు కన్నా ముందుకే ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకునేవారికి అద్దమే కంటికి 12 నుంచి 14 మిల్లీమీటర్ల ముందు కూర్చుంటుంది. కాబట్టి 90 అని రాసి ఉన్న స్కోప్‌లో అంచుకు నాలుగు, అద్దాలకు పదమూడు తీసేస్తే మిగిలే ఖాళీ 73. కళ్లద్దాలవారు మిగతావారి కన్నా ఒక మెట్టు పైన ఎంచుకోవాలని చెప్పడం ఇందుకే. రైఫిల్‌కు చెంప ఆనించినప్పుడు చూపు అద్దం మధ్య నుంచి కాక పైమూల, ముక్కు వైపు నుంచి పోతుంది. చిన్న ఫ్రేము అయితే ఆ మూలన ఫ్రేమే అడ్డం రావచ్చు. దానికి స్కోప్‌ను తప్పుపట్టి లాభం లేదు.

రెట్లు మార్చుకునే స్కోపుల్లో ఐ రిలీఫ్ స్థిరంగా ఉండాలని లేదు. చాలావాటిలో తక్కువ రెట్ల దగ్గర ఒకటి, ఎక్కువ రెట్ల దగ్గర ఇంకొకటి ఉంటుంది, సాధారణంగా రెట్లు పెరిగితే తగ్గుతుంది. వివరాల్లో రెండు అంకెలు ఇచ్చిన కంపెనీ నిజాయితీగా చెప్పినట్టు. ఒకే అంకె ఇస్తే అది ఏ రెట్ల దగ్గరిదో కాగితం పరీక్షతో తేల్చుకోవచ్చు. రెండు చివరల మధ్య తేడా తక్కువగా ఉన్న స్కోప్‌కు, మిగతావన్నీ సమానమైతే, కొంచెం ఎక్కువ ధర పెట్టడం దండగ కాదు.

రెట్ల గురించి ఒక్క మాట. పొద్దుగూకే వేళ కంటిపాప 5, 6 మిల్లీమీటర్లకు విచ్చుకుంటుంది, వయసు మీద పడితే అంత విచ్చుకోదు. 40 మిల్లీమీటర్ల స్కోప్‌ను 9 రెట్ల మీద ఉంచితే కిటికీ 4.4 మిల్లీమీటర్లే కాబట్టి చిత్రం మసకబారుతుంది. 6కు తగ్గిస్తే కిటికీ 6.7 అవుతుంది. చిత్రం వెలుగుతుంది, కన్ను నిలబెట్టుకోవడమూ సులువవుతుంది. ఐ రిలీఫ్ చాలడం లేదనే ఫిర్యాదుల్లో కొన్ని రెట్ల మీట తిప్పితే తీరిపోయేవే.

ముందు స్టాక్, తరువాతే స్కోప్

భుజానికి ఆనే మడమ నుంచి ట్రిగ్గర్ వరకు ఉన్న దూరం చాలా వేట రైఫిళ్లలో పదమూడున్నర అంగుళాలు, అంటే 343 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. సగటు మనిషి కోసం వేసిన కొలత అది. పొట్టి చేతులవారికి అది పొడవు. వారి తల సహజంగా స్టాక్ మీద వెనక ఆనుతుంది, స్కోప్ అందదు, మెడ ముందుకు సాచాల్సి వస్తుంది. పొడుగు చేతులవారికి అదే పొట్టి. వారి ముక్కు బొటనవేలికి తగిలేంత ముందుకు వెళ్తుంది, స్కోప్ అంచు మీదికి వస్తుంది. ఇద్దరూ చేసే పని ఒకటే: స్కోప్‌ను జరపడం. మొదటివాడు స్టాక్‌ను ఒకటి రెండు సెంటీమీటర్లు కోయించుకుంటే, రెండోవాడు మడమకు ఒక రబ్బరు పలక అదనంగా వేయించుకుంటే, స్కోప్ తనంతట తానే సరైన చోటికి వచ్చినట్టవుతుంది. అన్ని సమస్యలనూ రింగుల దుకాణంలో తీర్చుకోవాలనుకోవడం బూటు కరుస్తుంటే సాక్సు మార్చడం లాంటిది.

రెండోది ఎత్తు. స్టాక్ పై అంచు మీద చెంప ఎముక బరువుగా ఆనినప్పుడు కన్ను స్కోప్ నడిమికి ఎదురుగా రావాలి. ముందు కటకం 50, 56 మిల్లీమీటర్లు ఉన్న స్కోప్ బ్యారెల్‌కు తగలకుండా ఉండాలంటే ఎత్తు రింగులు వేయాలి. అప్పుడు కన్ను అందుకోవడానికి చెంప లేపి గడ్డం ఆనించాల్సి వస్తుంది. గడ్డం ఎముక చెంపలా నిలకడగా కూర్చోదు. తల పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఐ రిలీఫ్ ఎంత ఉన్నా ఆ ఊపును మోయలేదు. అందుకే వేట రైఫిల్‌కు 40, 42 మిల్లీమీటర్ల ముందు కటకం, దానికి సరిపడే పొట్టి రింగులు అనే పాత జోడీ ఇప్పటికీ చెల్లుతోంది. పెద్ద కటకమే కావాలంటే స్టాక్ మీద కట్టుకునే చెంప దిండు వేసుకోవాలి. చూడటానికి అందంగా ఉండదు కానీ పని చేస్తుంది. పొట్టి రింగులు వేసినా బోల్టు పిడి పైకి లేచినప్పుడు వెనుక కటకానికి తగలడం లేదని, కటకం మూత పట్టేంత సందు ముందు ఉందని చూసుకోవాలి.

మూడోది చాలామంది కొన్నాక గానీ గమనించరు. స్కోప్ గొట్టం మీద రింగులు పట్టడానికి పనికివచ్చేది నున్నగా ఉన్న తిన్నని భాగం మాత్రమే. మధ్యలో గురి సరిచేసే మీటల దిమ్మె, ముందూ వెనకా ఉబ్బిన కటకాల గూళ్లు. పొడవు తూటాల రైఫిల్ మీద రింగులు కూర్చునే పీటలు, అంటే రెండు విడి బేసులు, దూరదూరంగా ఉంటాయి. పొట్టి స్కోప్‌ను దాని మీద పెడితే రింగులు దిమ్మెకో గూటికో తగిలి, కావలసినంత వెనక్కి జరగదు. వీవర్ రకం విడి బేసుల్లో గాళ్లు తక్కువ, జరుపుకొనే అవకాశమూ తక్కువే. అమెరికన్ సైన్యం 1995లో మిల్-స్టాండర్డ్ 1913 పేరుతో ప్రమాణం చేసిన పికటిని రైలులో 5.23 మిల్లీమీటర్ల వెడల్పు గాళ్లు సుమారు 10 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున వరసగా ఉంటాయి. రింగులను ఒక గాడి ముందుకో వెనక్కో మార్చి 10 మిల్లీమీటర్లు, రింగుల్లో గొట్టాన్ని జరిపి మిగతా మిల్లీమీటర్లు సర్దుకోవచ్చు. ఒంటి ముక్క రైలు కొంచెం బరువే, కానీ తల ఎక్కడ ఆనితే అక్కడికి స్కోప్‌ను తెచ్చే స్వేచ్ఛ దాంతో వచ్చినంతగా ఇంకేదాంతోనూ రాదు. కొనే ముందు రైఫిల్ మీద రింగుల మధ్య దూరాన్నీ, స్కోప్ గొట్టం తిన్నని భాగాన్నీ కొలిచి చూసుకుంటే ఒక పూట మిగులుతుంది. గొట్టం మందం అంగుళమా, 30 మిల్లీమీటర్లా, 34 మిల్లీమీటర్లా అన్నదాన్ని బట్టి రింగులు తీసుకోవాలన్నది చెప్పనక్కర్లేదు.

కళ్లు మూసుకొని వెతికే చోటు

రైఫిల్ ఖాళీగా ఉందని చూసి, మళ్లీ ఒకసారి చూసి, బోల్టు తీసి పక్కన పెట్టాకే ఈ పని మొదలుపెట్టాలి. మొదట వెనుక కటకం మీట తిప్పి క్రాస్‌హెయిర్ స్పష్టంగా కనిపించేలా చేసుకోవాలి. ఖాళీ ఆకాశాన్నో తెల్ల గోడనో చూస్తూ, రెండు మూడు సెకన్లకు మించి చూడకుండా కన్ను పక్కకు తిప్పి, మళ్లీ చూస్తూ సరిచేయాలి. ఎక్కువసేపు చూస్తే కన్ను తానే సర్దుకొని మసకను దాచేస్తుంది. ఈ పని ముందే ఎందుకంటే, ఆ మీట తిప్పినప్పుడు వెనుక కటకం ముందుకో వెనక్కో కదులుతుంది, దాంతో కన్ను ఉండవలసిన చోటూ కొంచెం మారుతుంది. స్కోప్ బిగించాక దీన్ని తిప్పేవాడు రెండోసారి రింగులు విప్పడానికి సిద్ధపడాలి.

తరువాత స్కోప్‌ను రింగుల్లో జారేంత వదులుగా పెట్టి, వీలైనంత ముందుకు నెట్టి, రెట్లను గరిష్ఠానికి తిప్పాలి. చోటు అక్కడే ఇరుకు కాబట్టి అక్కడ కుదిరింది తక్కువ రెట్ల దగ్గర సాధారణంగా కుదురుతుంది. వేటకు తొడుక్కునే బట్టలే తొడుక్కోవాలి. పలుచటి చొక్కాతో ఇంట్లో అమర్చిన స్కోప్, మందపాటి కోటు వేసుకొన్నరోజు ఒక సెంటీమీటరు దూరం జరుగుతుంది. ఇప్పుడు కళ్లు మూసుకొని రైఫిల్ భుజానికెత్తి, చెంప ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ ఆనించి, మెడ వదులు చేసి, అప్పుడు కళ్లు తెరవాలి. తెరిచిన క్షణంలో కనిపించిందే నిజం. ఆ తరువాత కన్ను తెలియకుండానే తలను జరిపించి అబద్ధం చెబుతుంది. నల్ల వలయం కనిపిస్తే స్కోప్‌ను ఐదు మిల్లీమీటర్లు వెనక్కి లాగి, మళ్లీ కళ్లు మూసుకొని మొదటి నుంచి చేయాలి. వలయం మాయమై చిత్రం నిండిన మొట్టమొదటి చోటే కావలసిన చోటు. అక్కడి నుంచి ఇంకా వెనక్కి లాగినా చిత్రం కొంతదూరం నిండుగానే ఉంటుంది కానీ, ఆ లాగిన ప్రతి మిల్లీమీటరూ కనుబొమ ఖాతాలోంచి తీసినదే.

నిలబడి కుదిరిన చోటు పడుకొని చూస్తే కుదరదు. బోర్లా పడుకున్నప్పుడు తల ఒకటి రెండు సెంటీమీటర్లు ముందుకు వస్తుంది. నిలబడి నిటారుగా ఎత్తినప్పుడు వెనక ఉంటుంది, కూర్చున్నప్పుడు రెంటికీ మధ్యన. వేటలో ఎక్కువగా పేల్చే భంగిమ ఏదో దాని ప్రకారం అమర్చి, మిగతావాటిలో కనీసం మధ్యస్థ రెట్ల దగ్గరైనా చిత్రం నిండుతోందో లేదో చూసుకోవాలి. గుండు పరీక్షించే బల్ల దగ్గర మనిషి ముందుకు వాలి కూర్చుంటాడు కాబట్టి, బల్ల దగ్గర అమర్చిన స్కోప్ అడవిలో అందకుండా పోవడం మామూలే. అన్నింటికన్నా ప్రమాదకరమైంది ఎత్తు మీది గురి. కింద నుంచి పైకి గురిపెట్టినప్పుడు మడమ భుజం కిందికి జారి, ముఖం స్కోప్ మీదికి పాకుతుంది. బరువు వెనక్కి ఉండటంతో భుజం తన్నును సరిగా పట్టుకోలేదు. నెలవంక మచ్చల్లో కొన్ని ఇలా పడ్డవే. రైఫిల్‌ను గోడ పై అంచుకో చెట్టు చిటారుకో ఎక్కుపెట్టి కనుబొమకూ అంచుకూ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో పక్కన ఉన్నవారిని చూడమంటే సంగతి తెలిసిపోతుంది. తన్ను గట్టిగా ఉండే రైఫిల్‌కు మూడు వేళ్లు పట్టకపోతే అమరిక మళ్లీ మొదటికి రావలసిందే.

చోటు తేలాక గొట్టం మీద రింగు అంచు పక్కనే చిన్న టేపు ముక్క అంటించాలి. తరువాతి పనులన్నీ చేసేటప్పుడు స్కోప్ ఎంతో కొంత జరుగుతుంది, ఆ టేపు దాన్ని పట్టిస్తుంది. రైఫిల్‌ను రసమట్టంతో నిటారుగా నిలిపి, ఎదురుగా బరువు కట్టి వేలాడదీసిన దారంతో క్రాస్‌హెయిర్ నిలువు గీతను సరిచూసుకోవాలి. ఒకటి రెండు డిగ్రీల వాలు వేట దూరాల్లో గురిని పెద్దగా తప్పించదు. అయినా వాలిన క్రాస్‌హెయిర్‌ను సరిగా కనిపించేలా చేసుకోవడానికి మనిషి తనకు తెలియకుండానే రైఫిల్‌ను వాల్చి, చెంప ఆనికను చెడగొట్టుకుంటాడు.

బిగింపుకు ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ కావాలి, చేతి అంచనా చాలదు. రింగుల పైభాగపు స్క్రూలకు సాధారణంగా 15 నుంచి 18 అంగుళం-పౌండ్లు, అంటే సుమారు 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్లు చెబుతారు. రింగుల తయారీదారు వేరే అంకె ఇస్తే అదే ప్రమాణం. స్క్రూలను ఒక్కొక్కటిగా పూర్తిగా బిగించకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ, రెండు పక్కలా సందు సమానంగా ఉంచాలి. ఎక్కువ బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి లోపలి కదిలే భాగాలు ఇరుక్కుంటాయి. తక్కువ బిగిస్తే వేరే చిక్కు. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ తన జడత్వంతో ఉన్నచోటే ఉండాలని చూస్తుంది కాబట్టి, రింగుల్లో ప్రతి గుండుకూ ఒక వెంట్రుకవాసి ముందుకు జారుతుంది. పది, ఇరవై గుళ్ల తరువాత చిత్రం అంచున నల్ల వలయం మెల్లగా మొలుస్తుంది. కన్ను బలహీనపడిందనో స్కోప్ పాడైందనో అనుకొనేలోపు టేపు వైపు ఒకసారి చూడాలి. రింగు అంచుకూ టేపుకూ మధ్య కొత్తగా సందు తేలితే దోషం స్క్రూలదే.

మొదటి గుళ్లు పేల్చేటప్పుడు పక్కనుంచి, కాల్పుల గీతకు వెనకే నిలబడి, ఎవరైనా ఫోనులో నెమ్మది వేగపు వీడియో తీస్తే మంచిది. పేలుడు మోతకు మనిషి తన ముఖం ఏం చేసిందో గమనించలేడు, వీడియో గమనిస్తుంది. స్కోప్ అంచు కనుబొమ వైపు ఎంత దాకా వచ్చి ఆగింది, తల దానితోపాటు వెనక్కి కదిలిందా లేక ఎదురు వెళ్లిందా, ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూతపడ్డాయా అన్నవన్నీ అందులో ఉంటాయి. అంచు వేలెడు దూరంలోకి వచ్చి ఆగినట్టు కనిపిస్తే, గుచ్చుకోలేదు కదా అని సరిపెట్టుకోకుండా స్కోప్‌ను ఒక గాడి ముందుకు జరిపి, చిత్రం అంచున వచ్చే సన్నని నీడను రెట్లు తగ్గించి పోగొట్టుకోవడమే మేలు.